మీటర్ ఆగాక

మా వైపు దాన్ని పొక్లెయిన్ అంటాం. అదొక ఫ్రెంచి కంపెనీ పేరు. టాటా హిటాచీ అయినా, కొమాట్సు అయినా మాకు పొక్లెయినే. అద్దె గంటల లెక్కన. మీటరు గంటలు చూపిస్తుంది, ఆపరేటర్ పుస్తకంలో రాసుకుంటాడు, ఓనరు బిల్లు వేస్తాడు. ఇంజను ఆగితే మీటరూ ఆగుతుంది. మా చిన్నాన్న కొడుకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. వాడు హెల్పరు.

నందిగామ చుట్టూ నల్లరేగడి. తడి రేగడి చైను లింకుల్లో, వెనక పళ్ళ చక్రంలో మెత్తుకుపోతుంది. పళ్ళ మధ్య మట్టి నిండితే చైను దానంతటదే బిగుసుకుంటుంది. కింది రోలర్లు తిరగడం మానేసి ఒకే వైపు అరుగుతాయి. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి రాయి. ఆ పూటే పారతో, గడ్డపారతో గోకి తీయాలి. జగ్గయ్యపేట వైపు సున్నపురాతి నేలలో మట్టి బాధ తక్కువ, బోల్టుల బాధ ఎక్కువ. వాడు సుత్తితో ఒక్కో పలక మీద తట్టి, చప్పుడు విని ఏది వదులైందో చెబుతాడు. రోలరు పక్కన నూనె తడి కనిపిస్తే సీలు పోయినట్టు.

చూసేవాళ్ళు వాడు చైనుకి గ్రీజు పూస్తున్నాడనుకుంటారు. పైన పూస్తే ఇసుక అంటుకుని ఇంకా అరుగుతుంది. గ్రీజు వెళ్ళేది లోపలి సిలిండర్‌లోకి. గన్‌తో కొట్టేకొద్దీ అది ముందు చక్రాన్ని ముందుకు నెడుతుంది, చైను బిగుస్తుంది. ఎంత బిగించాలి? ఒక పక్క చైనును బూమ్‌తో నేల నుంచి లేపి, తిప్పి, ఆపి, ఫ్రేము అడుగుకీ వేలాడే చైనుకీ మధ్య సందు చూడాలి. హిటాచీ 20 టన్నుల మిషన్ పుస్తకం 300 నుంచి 335 మిల్లీమీటర్లంటుంది. మావాడు జానా నాలుగు వేళ్ళంటాడు. నేను స్కేలు పెట్టి చూశాను, సరిపోయింది. బురదలో కాస్త వదులు, రాతినేల మీద కాస్త బిగువు.

చైన్ల మిషన్ మరమ్మతు ఖర్చులో సగం దాకా ఈ కింది భాగానిదేనని ఆ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. ఆ సగాన్ని కాపాడేవాడికి రోజుకూలి. "నువ్వు పేపర్లు దిద్దితే విడిగా డబ్బులిస్తారుగా అక్కా, మాకు అదీ లేదు" అంటాడు.

మా తాత మోట తోలుకు ఆముదం పట్టించేవాడు. ఏడాదికోసారి మేర గింజలు కొలిచేవాళ్ళు. మేర గొప్పదని కాదు, అందులో ఎంత అవమానం ఉందో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ పని ఒకటుందని ఊరు ఒప్పుకునేది. నేను చూసిన షెడ్లలో ఓనరు ఇంటిపేరు మారుతుంది, కులం మారదు. హెల్పరు పల్లె నుంచో గూడెం నుంచో వస్తాడు. ఆపరేటర్ సీటుకి అడుగు దూరంలో ఏళ్ళకేళ్ళు ఉండిపోతాడు.

1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, నడుస్తున్న యంత్రానికి నూనె వేసేవాడు శిక్షణ పొందినవాడై ఉండాలంది. ఒంటికి బిగుతైన బట్టలు యాజమాన్యమే ఇవ్వాలంది. అతని పేరు రిజిస్టరులో ఉండాలంది. చెరువులో దిగిన అద్దె మిషన్ ఫ్యాక్టరీ కాదు. మావాడు లుంగీ ఎగగట్టి చైను పక్కన కూర్చుంటాడు. వాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

బిగించడం కన్నా వదులు చేయడం ప్రమాదం. సిలిండర్‌లో గ్రీజు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. వాల్వును మెల్లగా, కొన్ని మిషన్లకు ఒక చుట్టు, కొన్నింటికి ఒకటిన్నర చుట్టు, అంతకు మించి తిప్పకూడదు. ముఖం ఎదురుగా పెట్టకూడదు. ఊడి వచ్చిన వాల్వు, వెంట తన్నుకొచ్చే గ్రీజు ప్రాణం తీయగలవు. ఈ హెచ్చరిక క్యాబిన్‌లోని పుస్తకంలో ఉంది, ఇంగ్లీషులో. ఆ పుస్తకం హెల్పరు చేతికి రాదు.

ఈ వేసవిలో ఆ పేజీలు తెలుగులో రాశాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు ఉంది కదా, గ్రీజుకి 'కందెన' అని రాశాను. బండి ఇరుసుకు రాసే పాత మాట, నాకు ఇష్టం. వాడు కొట్టేసి 'గ్రీజు' అని రాశాడు. 'ఐడ్లర్' తీసేసి 'ముందు చక్రం' పెట్టాడు. తర్వాత కాగితం పైన, నేను వదిలిన ఖాళీలో, మొదటి లైను తనే చేర్చాడు: "కిందకి వంగే ముందు మిషన్ తాళం తీసి నీ జేబులో పెట్టుకో. ఎవరు అడిగినా ఇవ్వొద్దు."