యాసీన్‌లోని ఆ మనిషి

గత వేసవిలో అరబీ నేర్చుకోవడానికి సిద్దిపేట నుంచి జోర్డాన్ రాజధాని అమ్మాన్ వెళ్లి, అక్కడ ఒక కుటుంబంతో కలిసి ఉన్నాను. ఒక సాయంత్రం యాసీన్ సూరా కంఠతా పఠిస్తుండగా, ఆ ఇంటి చిన్నపాప ‘ఆ మనిషి పట్టణం చివరి నుంచి ఎందుకు పరుగెత్తుకొచ్చాడు?’ అని అడిగింది. 20వ ఆయతులో అలాంటి మనిషి ఉన్నాడన్న సంగతే నాకు తెలియదు! సిగ్గుతో తలవంచుకున్నాను. దైవప్రవక్తలను అనుసరించమని తన జాతికి చెప్పడానికే అతడు వచ్చాడని పాప తల్లి వివరించారు.

తిరిగొచ్చాక, నలభై ఏళ్లుగా ప్రతి ఉదయం యాసీన్ పఠించే మా దాదీమాకు ఆ అర్థం చెప్పాను. ఆమె ఆ పంక్తిపైనే వేలుంచి, ‘ఇన్నేళ్లూ ఆయన నా కళ్లముందే పరుగెత్తుతున్నాడా, బేటా!’ అన్నారు. ఇప్పుడు ఫజ్ర్ నమాజు తర్వాత ఇద్దరం రోజుకొక ఆయతు అర్థం చదువుకుంటున్నాం.