యార్క్ అవెన్యూలో సీఆర్‌పీ పుట్టిల్లు

ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగాం, నేనూ మా మనవరాలూ. హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి క్యూ రైలు పట్టుకుని, 63వ వీధిలో పైకొచ్చి తూర్పుగా నడిస్తే యార్క్ అవెన్యూ. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం అక్కడే. గుంటూరులో చాలాకాలం ల్యాబ్‌లో పనిచేసిన నాకు సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్) పుట్టిల్లు చూడాలని ఎప్పట్నుంచో కోరిక.

పాస్ లేనిదే లోపలికి పంపరు. ప్రహరీ వెంట ఉత్తరంగా నడిచి, ఆస్వాల్డ్ ఏవరీ స్మారకంగా కట్టిన గేటు దగ్గర ఆగాం. 1930లో ఆయన ప్రయోగశాలలోనే టిల్లెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరంలో న్యుమోకాకస్ నుంచి తీసిన 'సి' పదార్థం కలిపారు. అడుగున మడ్డి పేరుకుంది. జబ్బు తగ్గాక అదే రోగి సీరంలో పేరుకోలేదు. ఆ 'సి'తో కలిసి మడ్డి కట్టిన ప్రోటీనే సీఆర్‌పీ. నేను చేసిందీ దాని మనవడి లాంటి పరీక్షే. స్లైడు మీది నల్లటి వలయంలో ఒక చుక్క సీరం, ఒక చుక్క లేటెక్స్ వేసి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపి, పలుకులు కడుతోందా అని లైటు కింద చూసేవాణ్ణి.

"జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంటే ప్రోటీన్ కాలేయం ఎందుకు చేస్తుంది తాతయ్యా?"

క్రిముల్ని పసిగట్టిన మాక్రోఫేజ్‌లు ఐఎల్-1, ఐఎల్-6 అనే ఇంటర్‌ల్యూకిన్ సంకేతాలు వదులుతాయి. ఐఎల్-6 రక్తంలో పడి కాలేయానికి చేరుతుంది. అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే కార్టిసాల్ రెండు పనులు చేస్తుంది: కాలేయంలో ఐఎల్-6 మాటకు బలమిస్తుంది, అటు మాక్రోఫేజ్‌ల దూకుడూ తగ్గిస్తుంది. ఐఎల్-6 కబురుతో కాలేయం సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ తయారీ పెంచి, అల్బుమిన్ తగ్గిస్తుంది. ఫైబ్రినోజెన్ పెరిగితే ఈఎస్ఆర్ (ఎర్ర రక్తకణాలు అడుగుకు దిగే వేగం) పెరుగుతుంది. హెప్సిడిన్ పెరిగి ఇనుము క్రిములకు అందకుండా దాస్తుంది. సీఆర్‌పీ ఆరు గంటల్లో లేవడం మొదలై, సుమారు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. తీవ్రమైన జబ్బులో వెయ్యి రెట్లు దాటొచ్చు.

కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలో సీఆర్‌పీ పేరు తెలియని ఇల్లు లేదు. టోసిలిజుమాబ్ ఇచ్చాక అది దిగిపోతే బంధువులు ఊపిరి పీల్చుకునేవారు. ఆ మందు అడ్డుకునేది ఐఎల్-6 పనిని. లోపల కొత్త ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నా కాలేయానికి కబురందదు, సీఆర్‌పీ లేవదు. ఆ అంకె క్రిముల లెక్క కాదు, కాలేయానికి అందిన కబురు లెక్క.

"అయితే రిపోర్టు చూసే ముందు మందుల చీటీ చూడాలన్నమాట," అంది.

ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి మాటా అదే.