ఆక్రా యాత్రకు మేము వ్రాసిన పద్దు

మా కనిష్ఠ కుమారుడు ఘానా దేశపు రాజధానియగు ఆక్రా నగరమున ఉద్యోగియై నాలుగేండ్లయ్యెను. వానికి సెలవు దొరకకపోవుటచే, మేమే పోయి చూచి రావలయునని ఆలుమగల మిరువురమును 2025వ సంవత్సరమున నిశ్చయించుకొంటిమి. వ్యయమంతయు తానే భరింతునని వాడు వ్రాసెను. ఇంకను చదువునకై చేసిన అప్పు తీర్చుకొనుచున్న బిడ్డపై మరియొక భారము మోపుటకు మాకు మనసొప్పలేదు. మాది ఉపాధ్యాయుల పింఛను. పదిమందితో కలిసి పండుకొను చవుక బస ఈ వయస్సున సాగదు; గొప్ప హోటలు మాకు తగదు. కావున మధ్యరకపు పద్దు వ్రాయ గూర్చుంటిమి.

మొదటి పద్దు తప్పినది. అచ్చటి నాణెము సీడీ. గవ్వకు అకాన్ భాషలో గల పేరునుండియే ఈ మాట పుట్టినది. చేత చిల్లిగవ్వ లేదనుకొను మనకు ఇది వింత కాదు. అబ్బాయి 2024 చివర వ్రాసిన మారకపు రేటునుబట్టి సర్వమును సీడీలలో లెక్కించి తృప్తిపడితిమి. 2022లో మిక్కిలి పతనమైన ఆ సీడీ, 2025 మే నాటికి హఠాత్తుగా బలపడెను. వేయి సీడీల గదికి మేమియ్యవలసిన రూపాయలు మూడవవంతునకు పైగా హెచ్చెను.

పద్దు చించివేసి, ఈ పర్యాయము రూపాయలలోనే హద్దు గీచుకొంటిమి: విమానపు టిక్కెట్లు గాక, పది దినములపాటు ఇరువురకు దినమునకు 10,000. అందు 6,000 బసకే. ఇది అధికమని తోచవచ్చును. కాని ఆక్రాలో విద్యుత్తు పోవుచు వచ్చుచుండుటకు "దుమ్సోర్" అని ఒక పేరే కలదు. జనరేటరు గల బస కావలసియుండెను. విదేశములనున్న వారెల్లరు ఇల్లు చేరు డిసెంబరులో గదుల వెల మిన్నంటును గనుక సెప్టెంబరు నేర్పరచుకొంటిమి. భోజనమునకు 2,000 చాలును. అలసందలతో వండిన వాచే యను అన్నము మన నోటికి పరాయిది కాదు. నగరమున తిరుగుటకు ట్రోట్రో యను చిన్న బస్సులు కలవు; మేటు అనబడు కుర్రవాడు తలుపువద్ద నిలిచి ఊరి పేరు కేకవేయును. వానికై 1,000. మిగిలిన 1,000 చేతినిల్వ.

ఇంతలో ఎల్లో ఫీవరు టీకా మరచితిమని తెలిసెను! ఆ పత్రము లేనిదే ఘానాలో అడుగిడనీయరు. తిరిగివచ్చునపుడు మన దేశమువారును చూపుమందురు. ప్రభుత్వము నియమించిన కేంద్రములందే వేయుదురు. పది దినములు ముందుగా వేయించుకొనవలెను. మాకు అరువది దాటుటచే వైద్యుడు చాల సేపు పరీక్షించి గాని సమ్మతింపలేదు. ఆ రాకపోకలకు చేతినిల్వ చాలభాగము కరగెను.

అపుడు కొట్టివేయదగినది ఒక్కటే కనబడెను: సుమారు 150 కిలోమీటర్ల దూరముననున్న కేప్ కోస్టు దుర్గము. విదేశీయులకు ప్రవేశరుసుము కూడ హెచ్చు. కాని మాలో ఒకరు ముప్పదియేండ్లు చరిత్ర బోధించినవారు. మానవులను బానిసలుగా కొట్లలో కుక్కి ఓడ లెక్కించిన ఆ చోటు చూడక తిరిగివచ్చుట కాదనిరి. రెండు రాత్రులు వాదించుకొని, చల్లని గాలియంత్రపు గది మాని పంకా గదికి దిగితిమి. దుర్గము పద్దులో నిలిచెను.

ఆక్రాలో అబ్బాయి ఆ కాగితమును చూచి, తన పేర ఒక్క పైసయు లేదని మిగుల నొచ్చుకొనెను. ట్రోట్రో కూలి మాత్రము తానే ఇచ్చెదనని పట్టుబట్టెను. ఇయ్యనిచ్చితిమి.