గోడ నాకుతది, పొడి ముట్టదు

మా బర్రె గోడ తినేది. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో పాత ఇళ్లకు ఇంకా మట్టిగోడలే. కొట్టంలో దాన్ని కట్టేసిన చోట, మూతి అందినంత మేర నాకి నాకి, సొరకాయ పట్టేంత గుంత చేసింది. గోడతో ఆగితే బాగుండు. యూరియా సంచి పోగులు, దండెం మీది నా బనీను, ఒకనాడు ఎక్కడిదో ఎండిన బొక్క. నోట్లో బొక్క పట్టుకుని తీరిగ్గా నములుతున్న బర్రెను చూసి మా అమ్మ "దీనికేదో సోకింది కొడుకా" అని దిష్టి తీసింది. ఊళ్లో పశువుల బాగోగులు చూసే గోపాలమిత్ర వచ్చి చూసి నవ్వాడు.

"సోకుడు గాదు సారూ, ఒంట్ల భాస్వరం తక్కువున్నది."

తక్కువ కాక ఏమవుతుంది? మా దిక్కు పశువు బతికేది వరిగడ్డి మీద. అది కడుపు నింపుతుంది కానీ, అందులో భాస్వరం అంతంతమాత్రం. ఉన్న కాస్త కాల్షియాన్నీ గడ్డిలోని ఆక్సలేట్లు సరిగ్గా ఒంటపట్టనివ్వవు. మనం మాత్రం పూటపూటా పితుకుతూనే ఉంటాం. లీటరు బర్రెపాలలో దగ్గర దగ్గర రెండు గ్రాముల కాల్షియం పోతుంది. మేతలో దొరకనిది ఎముకల్లోంచి తీసి ఇస్తుంది ఆ పిచ్చితల్లి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బులు లెక్కగడతారు. ఎముకల ఖాతా రాసే పుస్తకం ఎక్కడా లేదు.

"మినరల్ మిక్చర్ దాణాల కలిపి రోజుకు 50 గ్రాములు వెయ్యుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు గోపాలమిత్ర. కిలో పొట్లం తెచ్చాను. ముప్పయ్యేళ్లు పంతులుగిరీ చేసినవాణ్ని, చెబితే చెప్పినట్టు చేస్తాను. త్రాసులో తూచి సరిగ్గా 50 గ్రాములు తవుడు మీద చల్లి తొట్టి ముందు పెట్టాను. బర్రె మూతి దించింది, వాసన చూసింది, బుస్సుమంది. పొడంతా నా కళ్లద్దాల మీద. గోడ తింటుంది, బనీను తింటుంది, పీనుగు బొక్క తింటుంది. ఆ తిండిరోగం పోగొట్టే పొడి మాత్రం దానికి పనికిరాలేదు.

అంత అసహ్యం ఏముందోనని చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. బలపం నమిలి, తుప్పు మేకు చప్పరించినట్టుంది. పశువు నాలుక మీద రుచిమొగ్గలు మనకంటే రెట్టింపుకు పైనే ఉంటాయి. మరి దానికెట్లా ఉండి ఉంటుందో! బలపం రుచి తగలగానే మా బడి గుర్తొచ్చింది. చేతికిచ్చిన బలపం సాయంత్రానికి మాయం చేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. చెవులు మెలేశాను, గోడకుర్చీ వేయించాను. ఆ పిల్లల ఒంట్లో ఏం తక్కువైందో అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

రెండోనాడు కుడితిలో కలిపాను. పైన తేట తాగేసి, అడుగున పేరుకున్న బూడిదరంగు మడ్డిని నాకే వదిలింది. మూడోనాటికి కథ ఇంకా ముదిరింది. తొట్టికి ఆ వాసన పట్టేసి, ఉత్త తవుడు పెట్టినా దగ్గరికి రాలేదు. పాలు లీటరు తగ్గాయి. "మంచిగ తినేదాన్ని తిననియ్యకుంట జేస్తివి" అని మా ఆవిడ తొట్టిని ఇసుకతో తోమింది. ఇక వెదురుగొట్టంతో తాపించడమే దారి అన్నది అమ్మ. నేను ఒప్పుకోలేదు. మెడ ఎత్తిపట్టి పోసింది పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే పశువు దక్కదు. పశువులు నాక్కునే లవణపు ఇటుక తెచ్చి వేలాడదీస్తే, ఇటుక వదిలి తాడు నాకింది.

ఈ గొడవలోనే భూపాలపల్లికి, మా చెల్లె ఇంటికి పోయాను. బావ సింగరేణిలో పనిచేస్తాడు. వాళ్ల వాడలో ఒకాయన బారాత్ గుర్రాన్ని సాకుతాడు. పెళ్లిళ్ల రోజుల్లో అది మానుకోట దాకా పోయి పెళ్లికొడుకుల్ని మోసివస్తుంది. నా గోడు విని ఆయన పకపకా నవ్వాడు. "బర్రె నయమే సారూ, గుర్రాన్ని జూడుండ్రి." గుర్రం పైపెదవి మన చేతివేళ్ల లెక్క పనిచేస్తుందట. నానబెట్టిన శనగల్లో పొడి కలిపితే ఒక్కో గింజనూ ఏరుకుని, పొడిని గిన్నె అంచుకు తోసేస్తుందట. అందుకని ఆయన తవుడును బెల్లం నీళ్లతో తడిపి, పొడి విడివడకుండా ముద్ద పిసికి పెడతాడు. అదీ ఒక్కసారి కాదు, రోజుకు కొంచెం చొప్పున పెంచుకుంటూ. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్న సామెత చెప్పినవాడు దాణా ఖర్చు చూశాడు గానీ, దాని మూతి విరుపులు చూసి ఉండడు.

గుర్రం తిండి మన నేల మీద ఎప్పుడూ పేచీయే అనుకుంటాను. కాకతీయుల మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలోయే, తమిళ తీరానికి ఓడల మీద వచ్చే గుర్రాలకు అన్నమూ మాంసమూ ఉడికించి పెడుతున్నారని, అవి బతికి బట్టకట్టడం లేదని రాశాడు. ఉలవ గుగ్గిళ్లు పెట్టమని చెప్పే మనిషి ఒక్కడు అక్కడ లేకపోయాడు!

ఇంటికొచ్చి త్రాసు అటక మీద పెట్టేశాను. పల్లిచెక్క నానబెట్టి, తవుడు కలిపి, పిడికెడు బెల్లం, కాస్త ఉప్పు, దాంట్లో చిటికెడంటే చిటికెడే పొడి. అదీ పాలు పితికే వేళ, ఆకలి మీద ఉన్నప్పుడు. బర్రె ఆగింది, చెవులు కదిలించింది, నా మొహం చూసింది, తిన్నది. నాలుగు రోజులకోసారి ఇంకొంచెం. 50 గ్రాములకు చేరేసరికి నెల దాటింది. బెల్లం ఆ తర్వాత మెల్లగా తగ్గించాం. తగ్గించిన ప్రతిసారీ దానికి తెలిసింది, తొట్టిని కొమ్ముతో ఒక పోటు పొడిచి మరీ తిన్నది.

గోడకు ఆ గుంత ఇంకా అట్లాగే ఉంది. దసరాకు ముందు మట్టి మెత్తిస్తానని మా ఆవిడకు చెప్పాను, మరిచాను. పలుపు ఇప్పటికీ అక్కడే కడుతున్నాం. రెండు నెలలైంది, బర్రె గోడ మొహం చూడలేదు.