జడభరతుని పల్లకి – మన ధర్మము



శ్రీమద్భాగవతము పంచమ స్కంధములోని జడభరతోపాఖ్యానము మనకు సుపరిచితము. లోకము ఆ మహాత్ముని జడునిగా భావించినది. సోదరులు పొలము కావలికి నియోగించిరి. రహూగణ మహారాజు భటులు ఆయనచే పల్లకి మోయించిరి. పాదముల క్రింద ప్రాణులు నలుగకుండ చూచి అడుగిడుటచే పల్లకి కుదిపినది, రాజు పరిహసించెను. పిమ్మట ఆయన నోట ఆత్మజ్ఞానమును విని, పల్లకి దిగి పాదములపై వ్రాలెను.

ప్రవచనములలో ఈ కథ వినునపుడెల్ల నాకొక ప్రశ్న ఉదయించును. ఆయన జ్ఞాని కాక నిజముగనే మందబుద్ధియై యుండినచో, రాజు ప్రవర్తన ధర్మమయ్యెడిదా?

ఇది నాకు కేవలము శాస్త్రచర్చ కాదు. మా అన్నయ్యకు పుట్టుకతోనే మేధోవైకల్యము. వయస్సు యాభైకి చేరువైనది. సంధ్యాదీపము వెలిగించుట ఎన్నడును మరువడు. పది రూపాయల నోటుకు, వంద రూపాయల నోటుకు భేదమెరుగడు. వృద్ధురాలైన మా అమ్మ ప్రార్థన ఒక్కటే: "నా తర్వాత వీడికి దిక్కెవరు స్వామీ?"

"పూర్వజన్మ కర్మ, అనుభవించవలసినదే" యని కొందరు పెద్దలందురు. కర్మసిద్ధాంతమును నేనును విశ్వసింతును. కాని అతని ప్రారబ్ధమెట్టిదో మనమెరుగము. అతని యెడల మనము చేయునది మాత్రము మన ఆగామి కర్మ. బుద్ధి అంతఃకరణములో భాగము, ఉపాధి మాత్రమే. దాని లోపము సాక్షిచైతన్యమునకు లోపము కాదు. అట్లని, ఆత్మ పూర్ణమే గదా యని దేహధారి అవసరములను ఉపేక్షించుట వేదాంతము కానేరదు.

ఈ భారము ఒక్క కుటుంబము మోయజాలదు. ఇది రాజధర్మము కూడ. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము క్రింద, కలెక్టరు సభ్యులుగా నుండు స్థానిక స్థాయి కమిటీ ఇట్టివారికి సంరక్షకుని నియమించును. ఆ ట్రస్టు "నిరామయ" పథకము లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పించుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము మరొక అడుగు ముందుకు వేసి, "పరిమిత సంరక్షకత్వము"ను ప్రవేశపెట్టినది. నిర్ణీత కాలమునకు, నిర్ణీత విషయమునకు మాత్రమే, ఆ వ్యక్తి ఇచ్ఛానుసారముగ, పరస్పర విశ్వాసముతో నిర్ణయము జరుగవలెనని దాని భావము. అతనికిని ఒక ఇచ్ఛ కలదని చట్టము గుర్తించుట సామాన్య విషయము కాదు.

కాగితములు సమర్పించుటకు పోయినపుడు, ఒక కార్యాలయమున గుమాస్తా ప్రశ్నలన్నియు నన్నే అడిగెను. ప్రక్కనే కూర్చున్న అన్నయ్య వైపు చూడనైన లేదు. చట్టము మారినను చూపు మారుటకు కాలము పట్టును. ఇంటికి వచ్చి నేనడిగితిని: "అన్నయ్యా, అమ్మ తర్వాత నాతో పట్నం వస్తావా?" అతడు దేవుని గది వైపు చూపి, "దీపం ఇక్కడే పెడతా" ననెను. ఆ మాటనే మేము అతని ఇచ్ఛగా గ్రహించితిమి. ఇల్లు అమ్మరాదని, తోడుగ నుండువారిని ఊరిలోనే చూడవలెనని నిశ్చయించితిమి. ఇట్టి సహాయకులకు శిక్షణ, వేతనము ప్రభుత్వము సమకూర్చినచో ఎందరో తల్లులు నిశ్చింతగ కన్ను మూయగలరు.

సాధక మహాశయులారా! మీ సత్సంగమునకు ఇట్టివారు వచ్చినచో, ప్రక్కవారిని గాక వారినే పేరు పెట్టి పలుకరింపుడు. ప్రసాదము పంచు పని అప్పగింపుడు. వారి తల్లిదండ్రులకు పై చట్టముల సంగతి తెలుపుడు. సమదర్శనమునకు ఇంతకు మించిన అభ్యాసము లేదు.

స్వస్తి.