కాగితం మీది జీతం, చేతికొచ్చే జీతం

జీతమెంత అని అడగడం మనందరికీ అలవాటే. అది ఎప్పుడు వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నలు నాకు నేర్పింది డాలస్‌లో మా అమ్మాయి పక్కింటావిడ.

2025 వేసవిలో ఆవిడ కొడుక్కి ఫుట్‌బాల్ జట్టుతో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. "మొదటి ఏడాది జీతమే 8 లక్షల 40 వేల డాలర్లటమ్మా!" అంది మా అమ్మాయి. మరి ఆవిడేమో బడి వంటశాలలో పని మానలేదు. ఎందుకండీ అంటే లెక్క చెప్పింది.

ఎన్.ఎఫ్.ఎల్.లో 32 జట్లు. ఏటా ఏప్రిల్‌లో 'డ్రాఫ్ట్' పెట్టి, ఏడు విడతల్లో 250 మందికి పైగా కుర్రాళ్లను ఎంచుకుంటారు. అందులో పేరు రాని కొందరిని జట్లు విడిగా పిలుస్తాయి. ఈ అబ్బాయి అలా వెళ్లినవాడే. సంతకం పెట్టినందుకు బయానా లాగా కొంత ముట్టజెబుతారు. శిక్షణ రోజుల్లో వారం వారం కొద్దిగా ఇస్తారు. అసలు జీతం మాత్రం సెప్టెంబరులో పోటీలు మొదలయ్యాకే. దాన్ని 18 వారాలకు పంచితే వారానికి 46 వేల పైచిలుకు, అదీ పన్నులు పోకముందు. జట్టులో ఉన్నన్ని వారాలకే ఆ డబ్బు. మూడేళ్ల కాగితం ఉన్నా, తీసేస్తే మిగతాది రాదు.

ఆగస్టు చివర 90 మందిని 53కి కుదిస్తారు. పోయినవాళ్లలో కొందరిని ప్రాక్టీసు జట్టులో ఉంచుకుంటారు. 2025లో వాళ్లకి వారానికి కనీసం 13 వేల డాలర్లు. అదీ ఏ వారమైనా ఆగిపోవచ్చు.

కర్ట్ వార్నర్ అనే ఆటగాణ్ణి 1994లో ఎవరూ ఎంచుకోలేదు, శిక్షణ నుంచే పంపేశారు. కిరాణా దుకాణంలో గంటకు అయిదున్నర డాలర్లకు సరుకులు సర్దాడు. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. ఆ కథ పక్కింటబ్బాయికి కంఠతా వచ్చు. తల్లికి మాత్రం ఇంటికి తిరిగొచ్చిన పిల్లలే కళ్లలో మెదులుతారు.

అబ్బాయికి 53లో చోటు దక్కలేదు, ప్రాక్టీసు జట్టులో ఉంచారు. అప్పటికే బయానా డబ్బుతో ఇంటి అప్పు కొంత తీర్పించిందావిడ. కొత్త కారు మాట ఎత్తనివ్వలేదు.

మన పిల్లలూ 'ప్యాకేజీ ఇన్ని లక్షలు' అంటూ కాగితం తెస్తుంటారు కదా! స్వీట్లు పంచండి, తప్పేం లేదు. ఆ తర్వాత నెమ్మదిగా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: నెలనెలా చేతికొచ్చేదెంత? అందులో ఆగిపోయే వీలున్నదెంత? వాయిదాల సామాను సంగతి అప్పుడు చూసుకోవచ్చు.