ప్రూఫ్రాక్ భయం, మన భయం

హాస్టల్లో జూనియర్ చెల్లెళ్ళు అడిగారు, "అక్కా, ఆ ప్రూఫ్రాక్ పద్యం అసలు ఏం చెప్తోంది? గైడ్ చదివినా అర్థం కావట్లేదు" అని. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది. కొంచెం పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

రాసినాయన టి.ఎస్. ఎలియట్. 1911లో ఇది పూర్తి చేసేటప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. నాకన్నా రెండేళ్ళే పెద్ద! 1915 జూన్‌లో చికాగో నుంచి వచ్చే 'పొయెట్రీ' పత్రికలో అచ్చయింది. పేరులో ప్రేమగీతం అని ఉంటుంది గాని, ప్రేమించిన మనిషికి చెప్పిన మాట ఒక్కటీ లేదు. ప్రూఫ్రాక్ అనే ఆయన సాయంత్రం పూట ఒక టీ పార్టీకి వెళ్ళాలి. అక్కడ ఏదో పెద్ద మాట అడగాలి. అడగాలా వద్దా, మెట్లెక్కాలా వెనక్కి తిరగాలా, జుట్టు పల్చబడిందని నవ్వుకుంటారేమో... ఇదే ఆలోచన. చివరికి అడగడు.

మొదట్లో పసుప్పచ్చ పొగమంచు వస్తుంది. మన లంబసింగి తెల్ల మంచు అనుకోకండి. జనవరిలో తెల్లారి గాజువాక బస్సెక్కి చూడండి, పొగా మంచూ కలిసి ఎదుటి లారీ కనపడదు. ఆ రకం మంచు అది. ఆయన మనసు కూడా అలాగే ఉంది.

గైడ్లో "ఆధునిక మానవుని సంశయం" అని ఉంటుంది. పరీక్షకి అదే రాయండి, మార్కులొస్తాయి. నాకు మాత్రం ఇంకొకటి కనిపించింది. ప్రూఫ్రాక్ మాటలు రానివాడు కాదు. నూట ముప్పై లైన్లు గడగడా మాట్లాడాడు కదా! పద్యానికి ముందు ఇటాలియన్‌లో ఆరు లైన్లుంటాయి, వదిలేయకండి. డాంటే రాసిన నరకంలో ఒకడు చెప్పే మాటలవి. ఇక్కణ్ణుంచి ఎవరూ తిరిగి వెళ్ళరు, నా సంగతి బయటికి పోదు అన్న నమ్మకంతోనే వాడు నోరు విప్పుతాడు. ప్రూఫ్రాక్ కూడా అంతే. బయటివాళ్ళు వినరు అనుకున్నంతసేపే మాట్లాడతాడు.

మన హాస్టల్ రూమ్ గుర్తురాలేదా? నేను ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడి పెరిగాను. రాత్రి రూమ్‌లో మన కబుర్లకి అంతుండదు. పొద్దున్న క్లాసులో మాత్రం మనకి "మాటలు రాని పిల్లలు" అని పేరు.

పద్యంలో ఒకచోట ఆయనకి జనం చూపులంటే భయం. ఒక్క మాటతో తేల్చేసి, పురుగుని గుండుసూదితో గోడకి గుచ్చినట్టు చేస్తారని. ఆయనకది పోలిక. మన పెద్దలకి దాదాపు నిజం. 1909లో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచాడు. కొండదొర, గదబ, బగత, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. ఇప్పుడు కొలిచే పరికరం లేదు గాని "ఏజెన్సీ నుంచా?" "కోటానా?" అనే ఒక్క మాట చాలు, మనం ఆ గోడ మీదే ఉంటాం.

ఇంకో తేడా ఉంది. ప్రూఫ్రాక్‌కి కాఫీ అంటే పార్టీలు, స్పూన్లు. మా ఇంట్లో కాఫీ అంటే చలికాలంలో పళ్ళు కోసి, తొక్క తీసి, గింజలు ఎండబెట్టి, జీసీసీకి కిలోల లెక్కన అమ్మడం. నా హాస్టల్ ఖర్చు అందులోంచే వస్తుంది. ఆయన నోరు విప్పకపోతే ఒక సాయంత్రం పోతుంది. రేపు మళ్ళీ పిలుస్తారు. మనకలా కాదు. మొదటి సంవత్సరం నా రూమ్మేట్ సంక్రాంతికి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు. ఫీజు కట్టే ఉంది. మార్కులు నాకంటే ఎక్కువ. సెమినార్ దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేస్తే "నేను నోరు తెరవగానే అందరూ వెనక్కి తిరిగి చూస్తారే" అంది. ఆ సీటు అలాగే ఖాళీగా ఉంది.

అందుకని పిల్లలకి "ధైర్యంగా మాట్లాడు" అని ఊరికే చెప్తే లాభం లేదనిపిస్తోంది. వినేవాళ్ళు కావాలి. పోయిన నెల నుంచి మేం ఆరుగురం ఆదివారం భోజనాలయ్యాక డాబా మీద కూర్చుంటున్నాం. సెమినార్ టాపిక్ ముందు ఎవరి భాషలో వాళ్ళు చెప్పాలి, తర్వాత తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లీషులో. చెప్పడం అయిపోయేదాకా ఎవరూ తప్పులు దిద్దకూడదు. మొన్న ఒక చెల్లి ప్రూఫ్రాక్ కథ కువిలో చెప్పింది. "పాపం, ఆయనకి రూమ్మేట్లు లేరక్కా" అంది. ఏ గైడ్లోనూ ఈ మాట లేదు.

నా రూమ్మేట్‌కి కూడా ఈ సంగతి చెప్పాను. సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడని అడిగింది. వస్తుందో రాదో చూడాలి. మీ హాస్టల్లోనూ ఇలాంటిది మొదలెట్టండి. ఇంగ్లీషు స్పెషల్ వాళ్ళే కానక్కర్లేదు. జోహార్.